అయిదున్నర గంటల తేడా

నల్లపాడు జంక్షన్‌లో పట్టాలు రెండుగా చీలతాయి. ఒక దారి నరసరావుపేట మీదుగా గుంతకల్లు వైపు, రెండోది నడికుడి, నల్లగొండల మీదుగా పగిడిపల్లికి. మా ఇంట్లో ల్యాప్‌టాప్‌దీ అదే తంతు. మీట నొక్కగానే నల్లటి తెర మీద రెండు దారులు చూపించి, విండోస్‌కా లినక్స్‌కా అని అడుగుతుంది. ఒకరోజు పొద్దున పదింటికి విండోస్ మూసి లినక్స్ తెరిస్తే గడియారం మధ్యాహ్నం మూడున్నర చూపించింది. నెట్ కలిశాక దానంతటదే సర్దుకుంది. సంతోషించి మళ్లీ విండోస్‌లోకి వెళితే అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర! లోపలి సెల్లు పోయిందేమోనని అనుమానపడ్డాం. సెల్లు నిక్షేపంగా ఉంది.

మూసిపెట్టినా నడిచే చిన్న గడియారం ఒకటి దాదాపు ప్రతి కంప్యూటర్ లోపలా ఉంటుంది. డాస్ రోజుల అలవాటు కొద్దీ విండోస్ అందులో మన ఊరి టైమే రాస్తుంది. యునిక్స్ ఇంట పుట్టిన లినక్సేమో అక్కడ ఉన్నది ప్రపంచ ప్రామాణిక కాలం అనుకొని, దానికి మన అయిదున్నర గంటలు కలుపుతుంది. ఎవరి లెక్కలో వాళ్లు ఒప్పే. లండన్‌లో చలికాలమంతా రెండు లెక్కలూ ఒకటే కాబట్టి ఈ తగువు బయటపడదు. గుంటూరులో మొదటిరోజే పడుతుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశంతో లినక్స్‌ని స్థానిక కాలానికి ఒప్పిస్తే సరి.

ఇరవై ఏళ్లుగా ఈ తంటాలు పడుతూ, పడేవాళ్ల పక్కన కూర్చుంటూ వచ్చాను. నిజంగా చెడిపోయిన వస్తువు కనబడ్డది తక్కువ. తయారుచేసినవాడు దాచిపెట్టిన వివరమో, ఒకరి ఆనవాయితీ ఇంకొకరికి తెలియకపోవడమో ఎక్కువ. ఏ కాలంలో ఏ వివరం దాచారో తెలిస్తే ఆ కాలపు తంటా ఏమిటో చెప్పేయొచ్చు.

అసలు లినక్స్ వెనకున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టిందే ఒక ప్రింటర్ మొరాయింపులో. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. కాగితం ఇరుక్కుపోయేది. పాత ప్రింటర్‌కైతే, ఆగిపోయినప్పుడు కాగితాల కోసం చూస్తున్నవాళ్లకు కబురు పంపేలా రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రామ్‌ను మార్చుకున్నాడు. కొత్తదాని సోర్సు కోడ్ ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అది ఉన్న మనిషిని వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానన్నాడు. ఆ కోపం 1983లో గ్ను ప్రాజెక్టుగా, 1989లో జీపీఎల్ లైసెన్సుగా తేలింది. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ అనే కెర్నల్ దానికి జతపడింది.

ఇంగ్లిషువాడికి ఊరకే రావడానికీ, కట్టుబాటు లేకపోవడానికీ మాట ఒకటే, ఫ్రీ. అందుకని వాళ్లు దశాబ్దాలుగా వివరణ ఇచ్చుకుంటూనే ఉన్నారు. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్ కేంద్రంగా ఈ పని మొదలుపెట్టిన సంస్థ ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టుకుంది, ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

మన దగ్గరికి లినక్స్ నెట్ మీద రాలేదు, పత్రికకు అంటించిన సీడీలో వచ్చింది. వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ మొదలుపెట్టినా, ఫోను తీగ మీద వందల మెగాబైట్లు దించడం జరిగే పని కాదు. పీసీక్వెస్ట్, 2003లో మొదలైన లినక్స్ ఫర్ యూ పత్రికల సీడీలే చేతులు మారేవి. తర్వాత ఉబుంటు అనే లినక్స్ రకం వచ్చింది. 2004 అక్టోబరులో తొలి విడుదల. అడిగినవాళ్లకు పైసా తీసుకోకుండా పోస్టులో సీడీలు పంపేవాళ్లు, 2011 దాకా. ఒకటి చాలంటే నాలుగు అడిగి, మిగతా మూడూ పంచిపెట్టిన కుర్రాళ్లు ప్రతి కాలేజీలో ఉండేవాళ్లు.

అప్పటి రోగాలు వేరు. మొదటిది మోడెమ్. ఖర్చు తగ్గించడానికి మోడెమ్ చేయాల్సిన పనిని విండోస్ ప్రోగ్రామ్ మీదికి నెట్టేసిన చవక రకాలు వచ్చాయి. వాటిని విన్‌మోడెమ్‌లనేవాళ్లు. లినక్స్‌లో అవి ఉత్త రేకుముక్కలు. రెండోది కరెంటు. ఎండాకాలం కోత మొదలైందంటే, బ్యాటరీ చచ్చిపోయిన పాత ల్యాప్‌టాప్ ఉన్నపళాన ఆరిపోయేది. మళ్లీ వెలిగిస్తే అప్పటి ఈఎక్స్‌టీ2 ఫైల్ వ్యవస్థ డిస్కు మొత్తాన్ని మొదటినుంచీ తనిఖీ చేసేది. కర్మ బాగోకపోతే మధ్యలో ఆగి, రూట్ పాస్‌వర్డ్ కొట్టి నువ్వే బాగుచేసుకొమ్మనేది. 2001 చివర్లో ఈఎక్స్‌టీ3 కెర్నల్‌లో చేరింది. చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకొని తర్వాత చేస్తుంది గనక, ఆరిపోయినా చిట్టా చూసుకొని క్షణాల్లో లేస్తుంది. పత్తి కొట్లో గుమాస్తాకు చెబితే వెంటనే అర్థమయ్యే సంగతి. ఇదెంత మేలో, కరెంటు పోని దేశాలవాళ్లకు పూర్తిగా తెలిసి ఉండదని నా అనుమానం.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో చాలామందికి మొదట తగిలింది మాత్రం వీఐ ఎడిటర్. అందులోకి వెళ్లడం తేలిక, బయటికి రావడమే తెలియదు. ఎస్కేప్, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఆపైన ఎంటర్. ఈ అయిదు మీటలూ తెలియక కంప్యూటర్ వైరే పీకేసినవాళ్లు ఉన్నారు.

2000ల నడుమ నుంచి ల్యాప్‌టాప్ ఇళ్లలోకి వచ్చింది, దానితో వైఫై. లినక్స్ తంటాల్లో ఇదే మహారాజు. బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్‌లు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేవి. వాటిని నడిపే పద్ధతి కంపెనీ బయటపెట్టలేదు. ఎన్‌డిస్‌ర్యాపర్ అనే ఉపాయంతో విండోస్ డ్రైవర్‌నే తెచ్చి లినక్స్‌లో తొడిగేవాళ్లం, అల్లుడి చొక్కా మామకు తొడిగినట్టు. కొందరు ప్రోగ్రామర్లు కంపెనీ డ్రైవర్‌ను విప్పి చదివి, ఒక జట్టు వివరాలు రాసిపెడితే ఇంకో జట్టు వాటిని చూసి డ్రైవర్ రాసింది. అది 2006లో 2.6.17 కెర్నల్‌లో చేరింది. అయినా చిప్ లోపలికి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ మాత్రం కంపెనీ సొత్తు. పంచడానికి హక్కు లేదు గనక, ఎవరికి వారు నెట్‌లోంచి దించుకోవాలి. వైఫై పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ రావాలంటే నెట్ కావాలి. పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు! 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్‌లకు తానే స్వేచ్ఛా డ్రైవర్ ఇచ్చేదాకా, ఇంటర్నెట్ సెంటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చుకోవడమే గతి.

వైఫై లేని ఊళ్లలో డాంగిల్ వచ్చింది. టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ గుర్తున్నవాళ్లు ఉంటారు. లినక్స్‌లో గుచ్చగానే అది మోడెమ్‌లా కాకుండా సీడీ డ్రైవ్‌లా ప్రత్యక్షమయ్యేది. విండోస్ వాడకందారు డ్రైవర్ కోసం వెతుక్కోకుండా, డ్రైవర్‌ను డాంగిల్‌లోనే సీడీ వేషంలో పెట్టారు. విండోస్‌లో డ్రైవర్ ఎక్కగానే డాంగిల్ వేషం తీసేసి మోడెమ్ అవుతుంది. లినక్స్‌లో ఆ సైగ చేసేవాడు లేడు. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్ వచ్చి ఆ సైగ చేసేదాకా ఎందరో డాంగిల్ మార్చుకొని, సిమ్ మార్చుకొని, చివరికి లినక్స్‌నే మార్చుకున్నారు.

ఇంగ్లిషువాళ్లు పడని తంటా ఒకటి మనకుంది, అక్షరం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అంతకంటే ముఖ్యమైన పని అప్పటి ప్రవాసాంధ్ర విద్యార్థులు యునిక్స్ యంత్రాల మీదే చేశారు. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి టెక్సస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ల చేతిలో రూపుదిద్దుకుంది. ఆ పేరులో మొదటి అక్షరం రైస్‌దే. బియ్యం పేరున్న చోటనే తెలుగు మొలకెత్తడం నాకు ఎప్పుడూ ముచ్చటే. ఇప్పటికీ లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనం తెరిచి తెలుగు కలుపుకుంటే, ఇన్‌స్క్రిప్ట్ పక్కన ఆర్‌టీఎస్ కనబడుతుంది.

రాయడం కుదిరినా చూపించడం కుదిరేది కాదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు, రెడ్ హ్యాట్ బయటపెట్టిన లోహిత్ ఉన్నాయి. ఫాంటు ఉంటే సరిపోదు. ‘స్త్రీ’ అని రాస్తే సకారం కింద రెండు వత్తులు, పైన గుడిదీర్ఘం ఎక్కడెక్కడ కూర్చోవాలో లెక్కకట్టే యంత్రాంగం కావాలి. గ్నోమ్‌కు ఒకటి, కేడీఈ డెస్క్‌టాప్‌కు ఒకటి, ఓపెన్ ఆఫీస్‌కు ఇంకొకటి ఉండేవి. ఒకే మాట మూడు కిటికీల్లో మూడు రకాలుగా కనబడేది. ఒకచోట వత్తు పక్కకు జారితే, ఇంకోచోట పొల్లుగా విడిపోయేది. 2012, 2013 ప్రాంతంలో అందరూ హార్ఫ్‌బజ్ అనే ఒకే యంత్రాంగానికి మారాక ఈ బాధ చాలావరకు తీరింది. ఓపెన్ ఆఫీస్ వారసుడు లిబ్రే ఆఫీస్‌లో 4.1 అలా మారిన తొలి విడుదల. కాస్త తృప్తిగా చెప్పుకునే సంగతి ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క ‘జ్ఞా’ ఖరీదైన ఐఫోన్లను కుప్పకూల్చినప్పుడు, నా పాత లినక్స్ ల్యాప్‌టాప్ ఆ అక్షరాన్ని నింపాదిగా చూపించింది.

మెనూలను తెలుగులోకి తెచ్చే పని స్వేచ్ఛ కార్యకర్తలూ, గ్నోమ్, కేడీఈ అనువాదకులూ చేశారు. సీ-డాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. కానీ దోషం వచ్చినప్పుడు తెలుగు మెనూ కొంచెం అడ్డమే. పరిష్కారాలన్నీ ఇంగ్లిషు పేర్లతో ఉంటాయి, మన తెర మీద ఆ పేరు ఉండదు. అందుకే తెలుగుమీద ఇంత ప్రేమ ఉన్న నేనూ మెనూ ఇంగ్లిషులోనే పెట్టుకుంటాను.

తర్వాతి తంటాలు త్వరగా చెప్పుకోవచ్చు. 2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ వచ్చి, సంతకం లేనిదాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఉబుంటు, ఫెడోరాలు సంతకం చేయించిన చిన్న ప్రోగ్రామ్‌ను ముందు పంపి వెనక తాము వచ్చాయి. అదే ఏడాది ఫిన్లండ్‌లో ఒక సభలో టోర్వాల్డ్స్, లినక్స్‌కు సహకరించని గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియాకు మధ్యవేలు చూపించాడు. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో నల్లతెర చూస్తూ కూర్చున్నవాళ్లెవరికీ అది మోటుగా అనిపించలేదు. ఎన్విడియా తన కెర్నల్ భాగాన్ని తెరిచింది 2022 మేలో. ఈలోగా బూట్ వరుస చివర ‘నోమోడ్‌సెట్’ అని చేర్చడమే ఆపద్ధర్మం.

2014 తర్వాత హెచ్‌పీ చవక మోడళ్లు కొన్నిటిలో వైఫై పక్క గదిలోకి వెళితే పోయేది. అందులోని రియల్‌టెక్ చిప్‌కు యాంటెన్నా బిగించే చోట్లు రెండు, బిగించిన యాంటెన్నా ఒకటి. ఏ చోట బిగించారో చిప్‌లో తప్పుగా రాసిపెట్టారు. లినక్స్ ఆ రాతను నమ్మి ఖాళీ చోటున చెవి పెట్టేది. డ్రైవర్‌కు ఒక్క అంకె మార్చి చెబితే సిగ్నల్ నిండుగా వచ్చేది. ఈ మధ్య కొత్త ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేయబోతే డిస్కే కనబడలేదంటూ వస్తారు. బయోస్‌లో ఇంటెల్ ఆర్ఎస్‌టీ, వీఎండీ అనే పరదా వేసి ఉంటుంది. తీసేస్తే డిస్కు కనబడుతుంది, కానీ ముందుజాగ్రత్త లేకుండా తీస్తే పక్కనున్న విండోస్ లేవదు.

ఇప్పటికీ పూర్తిగా తీరనిది నిద్ర. మూత వేస్తే ఒకప్పటి ల్యాప్‌టాప్ గాఢనిద్రపోయేది. కొత్తవి చాలావాటిలో ఆ నిద్రనే తీసేసి, ఫోనులా కోడినిద్ర పెట్టారు. ఆ కునుకు సరిగ్గా పట్టకపోతే సంచిలో కాగుతూ కూర్చుంటుంది. మే నెలలో గుంటూరు బస్సులో అలాంటి సంచి ఒళ్లో పెట్టుకున్నాను. అది చల్లారడానికి ఇంటికొచ్చాక అరగంట పట్టింది. పాత నిద్ర ఇంకా మిగిలి ఉందేమో కెర్నల్‌ను అడిగి చూడొచ్చు. లేదని చెబితే మూత వేయడం మాని పూర్తిగా ఆపేయడం మంచిది.

పెళ్లీ పిచ్చీ సామెతకు మాత్రం విడుపు దొరికింది, అదీ లినక్స్‌వాళ్ల వల్ల కాదు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక, కొత్తగా లినక్స్ ఎక్కించిన ల్యాప్‌టాప్‌కు ఫోన్‌ను తీగతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే చాలు. డ్రైవర్ అడగకుండా నెట్ వస్తుంది, ఆ నెట్‌తో వైఫై డ్రైవర్ వస్తుంది. ఏళ్ల నాటి గొడవ ఒక చార్జింగ్ తీగతో తీరింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఏడెనిమిదేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌లు చాలావాటిని విండోస్ 11 ఒప్పుకోదు. మిరప కోల్డ్ స్టోరేజీల్లో, జిన్నింగ్ మిల్లుల్లో, పిల్లల చదువు బల్లల మీద అలాంటివి ఎన్నో ఉన్నాయి. అవి తెచ్చి లినక్స్ వేయమనేవాళ్లను నేను ముందు రెండే అడుగుతాను. లెక్కలు ట్యాలీలోనా? ప్రింటర్ ఏది?

ఈ రెండో ప్రశ్న దగ్గరే కథ మళ్లీ మొదటికొస్తుంది. మన జిరాక్స్ షాపుల్లో ఏళ్ల తరబడి చావకుండా పనిచేసే కానన్ ఎల్‌బీపీ 2900 తన సొంత భాషలో తప్ప మాట్లాడదు. లినక్స్‌కు కంపెనీ ఇచ్చిన డ్రైవర్ పాత 32-బిట్ లైబ్రరీలు అడుగుతుంది. ఒకరోజు పనిచేస్తే ఇంకోరోజు అలుగుతుంది. ఇక డీటీపీ సెంటర్ల సంగతి. పెళ్లిపత్రికలూ కరపత్రాలూ అను ఫాంట్లలో, 2001 తర్వాత పెద్ద వెర్షన్ రాని పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. ఆ అక్షరాలు యూనికోడ్ కావు. వేరేచోట తెరిస్తే వరుడి పేరు ఇంగ్లిషు గుర్తుల కుప్ప అవుతుంది. మా వీధి చివర డీటీపీ ఆయన ఒక పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్ వేయించుకొని బిల్లులు, మెయిల్, ఆధార్ దరఖాస్తులు దానిమీదే చేస్తున్నాడు. రెండోదాన్ని నెట్ తీగ పీకేసి, పాత విండోస్‌తో ప్రింటర్ పక్కనే పెట్టుకున్నాడు. ముహూర్తాలున్న నెలల్లో దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు.