వరద దుర్బలత అంచనా

వరద వస్తే ఏ ఊరికి, ఏ వాడకు ఎంత దెబ్బ తగులుతుందో, మళ్లీ కోలుకోవడానికి ఎంతకాలం పడుతుందో ముందుగా లెక్కగట్టే పద్ధతులను వరద దుర్బలత అంచనా అంటారు. చాలాకాలం ఈ పని ఇంజినీర్లదే. నది ఎంత పొంగుతుంది, గట్టు ఎంత ఎత్తు వేయాలి అన్నవే వారి ప్రశ్నలు. భద్రాచలం వద్ద గోదావరి 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు నేటికీ వరుసగా మూడు హెచ్చరికలు జారీ అవుతాయి. ఆ అంకెలు నీటి సంగతి చెబుతాయి, ఒడ్డున ఉన్నవాళ్ల సంగతి చెప్పవు.

చూపును మనుషుల వైపు తిప్పినవాడు అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్. వరద దైవికమే అయినా నష్టంలో ఎక్కువ భాగం మనిషి చేజేతులా తెచ్చుకున్నదేనని 1945లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన వాదించాడు.

నష్టాన్ని లెక్కగట్టే పనికి బ్రిటన్‌లో పెన్నింగ్-రోసెల్, చాటర్టన్ 1977లో వెలువరించిన కరదీపిక దారి చూపింది. ఇంట్లో ఎంత లోతు నీరు నిలిస్తే ఎంత నష్టమో ఇంటి రకాన్ని బట్టి అందులో పట్టికలు వేశారు. ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. కానీ డబ్బుతో కొలిస్తే ఖరీదైన సామాను ఉన్న ఇంటి నష్టమే పెద్దదిగా తేలుతుంది. బియ్యం డబ్బా, నాలుగు బట్టలు, ఒక కుట్టుమిషను పోయిన ఇల్లు పట్టికలో చిన్న అంకె. ఆ మిషనే ఆ ఇంటి రాబడి అన్న సంగతి పట్టికకు పట్టదు. గట్టు ఎక్కడ కట్టాలో ఆ అంకెలే తేలిస్తే పేదల వాడ వెనకబడక తప్పదు. ఆ కరదీపిక వెలువడిన 1977లోనే నవంబరు 19న ఆంధ్ర తీరంలోని దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 10 వేల మందిని బలిగొంది. అంతటి నష్టాన్ని ఏ ధరల పట్టికా చెప్పలేదు.

పేదరికం, భూమి లేకపోవడం, పాలనలో మాట చెల్లకపోవడం విపత్తుకు మూలకారణాలని 1994లో వచ్చిన ‘ఎట్ రిస్క్’ గ్రంథం గట్టిగా చెప్పింది. 2003లో భూగోళ శాస్త్రవేత్త సుసాన్ కట్టర్ బృందం ఈ ఆలోచనకు అంకెల రూపమిచ్చింది. వయసు, ఆదాయం, ఇంటి తీరు వంటి 42 అంశాలను 11 కారకాలుగా కుదించి అమెరికా కౌంటీలన్నిటికీ సామాజిక దుర్బలతా సూచీ కట్టింది. వీటిలో వయసు ఎంత కీలకమో రెండేళ్లకే వచ్చిన కత్రినా తుపాను చూపింది. లూసియానాలో చనిపోయినవారిలో దాదాపు సగం మంది 75 ఏళ్లు, ఆపై వయసువారే.

జిల్లాకో కౌంటీకో కట్టిన సూచీలో వాడల మధ్య తేడాలు కలిసిపోతాయి. రెడ్‌క్రాస్ వంటి సంస్థలు అందుకే ఊరివాళ్లతోనే పటాలు గీయిస్తాయి. ముగ్గుపిండితో నేల మీద వీధులు గీసి, ముందు మునిగే ఇళ్లెవరివో, మంచాన పడ్డ ముసలివాళ్లు ఎక్కడున్నారో, ఏ బోరు నీళ్లు పాడవుతాయో గ్రామస్థులే గుర్తులు పెడతారు. ఉపగ్రహ చిత్రానికి ఇవేవీ కనిపించవు.

భారతదేశంలో జిల్లాలవారీగా గోడలు, పైకప్పుల రకాలను బట్టి ఇళ్లకున్న ముప్పును చూపే దుర్బలతా అట్లాస్ 1997లో వెలువడింది. 2019లో వచ్చిన మూడో కూర్పు కూడా 2011 జనగణనలోని ఇళ్ల లెక్కల మీదే ఆధారపడింది. ఆ తర్వాత వాగుల పక్కన వెలసిన కాలనీలు ఆ లెక్కలోకి రాలేదు.