పల్నాటికి అక్టోబరు ఒకటి

రాష్ట్రావతరణ అనగానే మనకు తట్టేది నవంబరు 1, 1956. పల్నాడు వైపు నుంచి చూస్తే మాత్రం క్యాలెండరులో అంతకు నెల ముందు తేదీ, అక్టోబరు 1, ఎక్కువ బరువైనది. ఎందుకో ఆ రోజును ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

1859లో గుంటూరు జిల్లాను రద్దు చేశాక పల్నాడు, నరసరావుపేట, వినుకొండ కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. కలెక్టరు కచేరీ ఎక్కడో కృష్ణ అవతల, సముద్రం పక్కన బందరులో. 1904 అక్టోబరు 1న ఈ తాలూకాలు మొదలైనవాటికి నెల్లూరు నుంచి ఒంగోలును చేర్చి గుంటూరు జిల్లాను మళ్లీ ఏర్పాటు చేశారు. దొరలు చూసుకున్నది పాలనా సౌకర్యమే. కానీ తొమ్మిదేళ్లకు, 1913లో, తొలి ఆంధ్ర మహాసభ అప్పట్లో ఈ జిల్లాలో ఉన్న బాపట్లలోనే జరిగింది. అడవిలో పశువుల మేతకు పన్ను కట్టబోమన్న పల్నాటి పుల్లరి సత్యాగ్రహంలో కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుళ్లకు బలయ్యాడు.

ఇక 1953. అంతకుముందు ఏడాది డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్ర దీక్షలోనే కన్నుమూశారు. నాలుగు రోజులకు నెహ్రూ రాష్ట్రం ప్రకటించారు. అక్టోబరు 1న కర్నూలులో ఆయనే ప్రారంభించారు, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. కోస్తా, సీమ నేతల శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని రాయలసీమకు పోతే, 1954లో హైకోర్టు గుంటూరుకు వచ్చింది. నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది కూడా ఈ చిన్న ఆంధ్ర బతికున్న మూడేళ్లలోనే. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలేనాటికి ముఖ్యమంత్రి నరసరావుపేట ప్రాంతపు కాసు బ్రహ్మానందరెడ్డి. కుడి కాలువ నీరే పల్నాటి మెట్ట పొలాల రాత మార్చింది. కాసు దిగిపోయి పి.వి. నరసింహారావు గద్దెనెక్కింది 1971 సెప్టెంబరు 30న. అక్టోబరు 1 ఒక్క రోజులో తప్పింది!

తెలంగాణ వేరుపడిన 2014 జూన్ 2 తర్వాత మిగిలిన ఆంధ్రప్రదేశ్ పటం 1953 నాటి దానికి చాలా దగ్గర. అయినా ప్రభుత్వాలు కొన్నాళ్లు జూన్ 2న నవనిర్మాణ దీక్షలు జరిపి, 2019లో మళ్లీ నవంబరు 1కి వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. 1904లో గుంటూరుతో మళ్లీ మొదలైన కాపురం అలా వేరుపడింది.