కోయంబత్తూరులో నలుగురు

మా తాత కోయంబత్తూరికి వచ్చింది 1952లో. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. మదురైకి దక్షిణంగా, తిరుమంగలం దాటినాక వచ్చే నల్లరేగడి పల్లెల్లో మాది ఒకటి. వరసగా వానలు లేక పత్తి పోయింది, అప్పు మిగిలింది. పెద్దతాత సేద్యానికి నిలబడిపోయినాడు, మా తాత రైలెక్కినాడు. ఇంతవరకు మా ఇంట్లో అందరికీ తెలిసిందే. చిన్నాయన ఇంతకు ముందు రాసిపెట్టింది కూడా ఇదే. పెళ్లి, సొంత ఇల్లు, పిల్లల చదువులు, ఇవన్నీ ఆయన బాగా రాసినాడు. మధ్యలో నాలుగేళ్లు మాత్రం ఒక్క వాక్యంలో దాటించేసినాడు: "కొన్నాళ్లు మిల్లులో పని చేసి, స్నేహితులతో పట్నం చూసినాడు." నేను రాయబోయేది ఆ వాక్యం గురించి.

ముందు మదురై మాట. పల్లె వదిలి పట్నం చేరడం మా తాతతో మొదలైంది కాదు. 1529లో విశ్వనాథ నాయకుడు విజయనగరం తరఫున మదురై ఏలుబడికి వచ్చినప్పుడు వెంట వచ్చినవాళ్లలో ఎక్కువమంది వయసు కుర్రాళ్లే అయి ఉంటారు. సైన్యంలో ముసలివాళ్లకు ఏం పని? దేశాన్ని 72 పాళయాలుగా పంచి ఇచ్చినాక కొందరు పల్లెలకు పోయి నేల దున్నినారు, కొందరు మదురైలోనే లెక్కలు రాస్తూ, కాపలా కాస్తూ ఉండిపోయినారు. తిరుమల నాయకుడి మహలు చూడబోయిన ప్రతిసారీ మనవాళ్లు ఆ స్తంభాల లావు చూసి వస్తారు. ఆ రాజ్యంలో తెలుగు పుస్తకాలు పుట్టినాయని మాత్రం ఎవరికీ పట్టదు. విజయరంగ చొక్కనాథుడి కొలువులో సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రాసినాడు. పద్యం రాయడమే గొప్ప అనుకునే కాలంలో వచనం రాసినాడంటే, అది చదివే జనం, వినే జనం ఆ రాజ్యంలో ఉన్నారనే కదా.

ఆ విజయరంగ చొక్కనాథుడి అవ్వ రాణి మంగమ్మ. మనవడు పసివాడుగా ఉన్నంతకాలం ఆమే రాజ్యం నడిపింది. బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. మదురై రైల్వే స్టేషనుకు ఎదురుగా ఉన్న మంగమ్మ సత్రం ఆమె పేరే. మా తాత ఊరు వదిలిన మొదటి రాత్రి ఆ సత్రంలోనే పడుకొన్నాడు. తలకింద గుడ్డసంచి, అందులో రెండు పంచెలు, సజ్జరొట్టెలు. తెల్లారి దిండుక్కల్, పళని, పొల్లాచి మీదుగా పోయే చిన్న రైలు ఎక్కినాడు.

ఈ దారి గురించి తాత చెప్పేది మరొకటి ఉంది. "ఇది జి.డి. నాయుడు దారిరా" అనేవాడు. ఆ మాట నిజమే. 1920లో జి.డి. నాయుడు తన మొదటి బస్సు నడిపింది పొల్లాచి, పళని మధ్యనే. అయితే ఇంకో మాట కూడా అనేవాడు: తాను, నాయుడు ఒకే హోటల్లో సర్వరు పని చేసినామని! నేను సాఫ్ట్‌వేర్ టెస్టరును. ఎవరు ఏం చెప్పినా తేదీలు సరిచూసుకోకపోతే నాకు నిద్రపట్టదు. నాయుడు పుట్టింది 1893లో, కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో. పల్లెకు వచ్చిన ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి మోటారు సైకిలు చూసి, అలాంటిది కొనాలని పట్నం చేరి హోటల్లో పనికి కుదిరినాడు. కూడబెట్టి ఆ బండినే కొని, విప్పి, మళ్లీ బిగించినాడు. ఇదంతా మా తాత పుట్టక ముందు సంగతి. ఒకే హోటలు అవుతుందో కాదో గానీ, ఒకే కాలం మాత్రం కాదు.

కానీ ఆ అబద్ధంలో ఒక నిజం దొరికింది. తాత హోటల్లో పని చేసినాడు. మిల్లులో చేరక ముందు ఆరు నెలలు ఆకులు వేసినాడు, ఎంగిలాకులు తీసినాడు. మా ఇంట్లో ఈ సంగతి చెప్పుకోరు. జి.డి. నాయుడు సర్వరుగా ఉన్నాడని పెళ్లిళ్లలో గొప్పగా చెప్పుకుంటారు. సొంత తాత దగ్గరికి వచ్చేసరికి సిగ్గు అడ్డం వస్తుంది. ఆయనే పాపం ఆ సిగ్గును దాటడానికి నాయుడి పేరు పక్కన పెట్టుకొన్నాడేమో.

నిజానికి కోయంబత్తూరు ఎప్పుడూ బయటినుంచి వచ్చినవాళ్ల ఊరే. ఎస్.పి. నరసింహులు నాయుడు ఈరోడులో పుట్టి, సేలంలో పత్రిక నడిపి, 1879లో ఇక్కడికి వచ్చినాడు. అప్పటికి పాతికేళ్లవాడు. పేరులో ఎస్ అంటే సేలం, పి అంటే పగడాల. తెలుగు ఇంటిపేరును ఇంగ్లీషు పొడి అక్షరం కింద దాచుకొని జీవితమంతా తమిళంలో రాసినాడు. పత్రికలు పెట్టినాడు, కళానిధి అచ్చాఫీసు నడిపినాడు, శిరువాణి నీళ్లు ఊరికి తేవాలని పోరినాడు. 1892లో కట్టిన విక్టోరియా టౌన్‌హాల్ వెనక ఆయన శ్రమ ఉంది. ఇవాళ టౌన్‌హాల్ అంటే బస్సు స్టాపు పేరు, బట్టల అంగళ్ల పేరు. దాన్ని చూస్తే నాకు ఆ పగడాల వారి కుర్రవాడు గుర్తొస్తాడు.

మిల్లుల కథ పెద్దది, ఇక్కడ పొట్టిగా చెప్తాను. 1888లో స్టేన్స్ దొరల మిల్లు, 1910లో కుప్పుస్వామి నాయుడి లక్ష్మీ మిల్సు, తరువాత 1930ల్లో పైకారా కరెంటు వచ్చినాక ఒకదాని వెంట ఒకటి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి మన దేశపు మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేసినారు. పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదో భాగం ధర్మానికి పెట్టినారు. 1926 నాటి ఆ ధర్మమే ఇవాళ్టి పి.ఎస్.జి. బడులు, కాలేజీలు. ఇవి చెప్పేటప్పుడు మనవాళ్ల గొంతు లేస్తుంది. చిన్నియంపాళయం మిల్లు కార్మికులు నలుగురిని 1946 జనవరి 8న కోయంబత్తూరు జైల్లో ఉరి తీసినారన్న సంగతికి అదే గొంతు తగ్గుతుంది. తాత వచ్చేనాటికి అది ఆరేళ్ల కిందటి ముచ్చటే. మిల్లులో రాత్రి షిఫ్టు వాళ్లు దాన్ని మెల్లగా చెప్పుకునేవాళ్లంట.

తాత చేరిన మిల్లు పేరు రాయను. రింగు ఫ్రేము దగ్గర దారం తెగితే అతకడం ఆయన పని. సంగు కూస్తే షిఫ్టు మొదలు, మళ్లీ కూస్తే అయిపోయినట్టు. జుట్టులో, కనురెప్పల మీద దూది. మొదటి జీతంతో చేతిగడియారం కొనలేదు, చెప్పులు కొన్నాడు. ఇది చెప్పేటప్పుడు తాత కాళ్ల వంక చూసుకునేవాడు, నేను ఎన్నోసార్లు చూసినాను.

రూములో ముగ్గురు. తాత ఒకడు. రెండోవాడు శిరుముగై వైపునుంచి వచ్చిన దేవాంగుల అబ్బాయి, ఇంట్లో కన్నడం. మూడోవాడు మదురై సౌరాష్ట్ర అబ్బాయి. వాళ్ల భాషలో మన మాటలు బోలెడు ఉంటాయి గనక తాతకు సగం అర్థమయ్యేది. ముగ్గురూ కలిస్తే తమిళం. నాలుగో స్నేహితుడు రూములో ఉండేవాడు కాదు, మిల్లులో బ్లోరూములో పని. బేళ్లు విప్పి దూది దులిపే చోటు, దుమ్ము ఎక్కువ. తాతతో తెలుగు మాట్లాడింది ఈ నలుగురిలో ఆయనొక్కడే.

1956లో నలుగురూ కలిసి స్టూడియోకు పోయి ఫోటో దిగినారు. ఇద్దరు కుర్చీల్లో, ఇద్దరు వెనక నిలబడి. బ్లోరూము ఆయన కుర్చీలో కూర్చొని ఉన్నాడు, తాత వెనక, ఆయన భుజం మీద చెయ్యి వేసి. మా ఆల్బంలో ఈ ఫోటో కింద "తాత, ఫ్రెండ్సు" అని ఉంది, అంతే.

సినిమాల సంగతి తాతకు ఎంత చెప్పినా తనివి తీరేది కాదు. శామికణ్ణు విన్సెంటు 1914లో కట్టిన వెరైటీ హాలు ఉన్న ఊరది. తాత వచ్చేనాటికి సినిమా చూడటమే కాదు, తీయడం కూడా అక్కడే. శ్రీరాములు నాయుడి పక్షిరాజా స్టూడియోలో 1954లో మలైక్కళ్లన్ తీసినారు, అదే కథను తెలుగులో అగ్గిరాముడుగా తీసినారు. తమిళంలో ఎంజీఆర్, తెలుగులో ఎన్టీఆర్, రెంటిలోనూ భానుమతి. మరుసటి ఏడు హిందీలో ఆజాద్, దిలీప్ కుమార్ వచ్చినాడు. తరువాత మలయాళం, సింహళం, కన్నడం కూడా. కన్నడంలో దాని పేరు బెట్టద కళ్ల. నేను కన్నడ బడిలో చదువుకొన్నవాణ్ణి, ఆ పేరు వింటే నవ్వొచ్చింది: ఒకే కొండదొంగ ఆరు భాషల్లో! రాత్రి షిఫ్టు దిగి, నిద్ర మాని, స్టూడియో గేటు దగ్గర నలుగురూ నిలబడేవాళ్లు. ఎన్టీఆర్‌ను చూసినారా అంటే, "కారు చూసినాము" అనేవాడు తాత.

ఆదివారం సాయంత్రాలు సింగానల్లూరు చెరువు. మెస్సులో పొట్లాలు కట్టించుకొని గట్టు మీద కూర్చొని తినేవాళ్లు. నిమ్మకాయ అన్నం, ఉర్లగడ్డ వేపుడు, కొంగలు. ఎనభై ఏళ్లు దాటినాక కూడా తాత ఆ పొట్లాల మాట ఎత్తేవాడు. "అంత రుచి మళ్లీ లేదు" అనేవాడు. మేమంతా అదొక పిక్నిక్ అనుకొన్నాము.

పోయినేడు పెద్దతాత ఇంటి అటకమీద ఒక రేకుపెట్టె దొరికింది, అందులో తాత రాసిన ఉత్తరాలు నాలుగు. మాట తెలుగు, అక్షరాలు తమిళం. మావాళ్లకు వేరే లిపి రాదు. నా సంగతి తిరకాసు: నాయన ఉద్యోగం వల్ల కన్నడ అక్షరాలు వచ్చినాయి, వాటిని పట్టుకొని తెలుగు అక్షరాలు నేర్చుకోవడం నెల రోజుల పని అయింది, తమిళం చివరన నేర్చుకొన్నాను. కాబట్టి ఉత్తరాలు విప్పే పని నా మీద పడింది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. గాలి, కాలి ఒకేలా కనిపిస్తాయి. ముందు వెనక చూసి తేల్చుకోవాలి.

1954 నాటి ఉత్తరంలో నలుగురి పేర్లూ ఉన్నాయి. అన్నకు నమస్కారాలు, డబ్బు పంపిన లెక్క, అమ్మ దగ్గు ఎలా ఉందని. ఆ తరువాత నాలుగో స్నేహితుడి గురించి ఒక వాక్యం. అందులో ఒక మాటను "కూడు" అని చదవొచ్చు, "గూడు" అని చదవొచ్చు. "మనోడే, మన మాటే మాట్లాడతాడు, ఈ ఊళ్లో వానికి కూడు లేదు." లేకపోతే, "వానికి గూడు లేదు." రెండు రోజులు దాని మీదే కూర్చొన్నాను. జీతం తీసుకునే మనిషికి కూడు ఎందుకు లేదు? సొంత ఊళ్లో పుట్టినవాడికి గూడు ఎందుకు లేదు?

చిన్నవ్వను అడిగినాను. తాత చెల్లెలు, తొంభైకి దగ్గర. ఫోటో చేతికిస్తే వెంటనే గుర్తుపట్టింది. ఆయన అరుంధతియర్. మా చిన్నప్పుడు ఇంట్లో ఆ కులానికి వాడిన మాట ఇక్కడ రాయను. కోయంబత్తూరులో మన భాష మాట్లాడేది నాయుళ్లే అన్నట్టు మనం రాసుకుంటాం. ఊరు ఊడ్చినవాళ్లు, తోళ్లు కుట్టినవాళ్లు, పంట కోసినవాళ్లు ఎందరో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. 2009లో తమిళనాడు ప్రభుత్వం వాళ్లకు ప్రత్యేకంగా 3 శాతం కోటా ఇచ్చినప్పుడు మా ఇంట్లో అది పేపరులో వార్త మాత్రమే.

"మెస్సులో వాణ్ణి కూర్చోనిచ్చేవాళ్లు కాదురా" అంది చిన్నవ్వ. "రూముకు తెస్తే ఇల్లుగలామె రూము ఖాళీ చేయమనింది." రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసి అప్పటికి నాలుగేళ్లు. దాన్ని నేరంగా శిక్షించే చట్టం మరుసటి ఏడు, 1955లో వచ్చింది. మెస్సులో పొట్లం కట్టించుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. అందుకే చెరువు గట్టు.

కూడా, గూడా అని చిన్నవ్వనే అడిగినాను. ఆమెకు తమిళ అక్షరాలు కూడా రావు, నా ప్రశ్నే అర్థం కాలేదు. "రెండూ లేవు కదా" అనేసింది.

ఒక్కటి నన్ను వదలడం లేదు. 1957లో తాత పెళ్లి మా ఊళ్లో జరిగింది. దేవాంగుల అబ్బాయి వచ్చినాడు, సౌరాష్ట్ర అబ్బాయి పట్టుపంచె తెచ్చినాడు, పెళ్లి ఫోటోల్లో ఇద్దరూ ఉన్నారు. నాలుగో ఆయన లేడు. పిలవలేదా, పిలిచినా రాలేదా అంటే చిన్నవ్వ కొంచెంసేపు ఊరికే ఉండి, "పిలిస్తే ఎక్కడ కూర్చోబెట్టేది?" అంది. చెరువు గట్టు వరకు తోడు పోయిన మా తాత పెళ్లిపందిరి దాకా ఆయన్ను తీసుకురాలేకపోయినాడు. తాత మీద నాకున్న ప్రేమ తగ్గలేదు గానీ, పొట్లాల కథ ఇకమీదట పాత పద్ధతిలో చెప్పలేను.

ఫోటో వెనక ఆయన పేరు పెన్సిలుతో తమిళంలో ఉంది, సగం చెరిగిపోయింది. చిన్నవ్వ పలికినట్టే దాని కింద తెలుగులో రాసినాను. వాళ్లవాళ్లు ఎక్కడున్నారో కనుక్కొని అడగకుండా ఆ పేరు ఇక్కడ పెట్టడం నాకు ఇష్టం లేదు. మిల్లు మూసి చాలా ఏళ్లయింది, ఆ వీధి మాత్రం ఉందని చిన్నాయన అంటున్నాడు. దీపావళికి కోయంబత్తూరు పోయినప్పుడు ఇద్దరం కలిసి వెళ్లి విచారిస్తాం. మిగతా మూడు ఉత్తరాలు కూడా అప్పటికి తెలుగులో ఎత్తి రాస్తాను. ఒకదాంట్లో నీళ్లు పడి చివరి పేజీ అంటుకుపోయింది, దాన్ని విడదీయడం తెలిసినవాళ్లు మన చుట్టాల్లో ఎవరైనా ఉంటే చెప్పండి.