ఒక సున్నా ఖరీదు: స్టర్‌లెన్ యాభై ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఫంక్షన్ చరిత్ర చెప్పుకుందాం. బీటెక్‌లో సి ల్యాబ్ చేసిన ప్రతి ఒక్కరూ రికార్డులో రాసిన ఫంక్షన్ అది. స్టర్‌లెన్. స్ట్రింగ్ ఇస్తే పొడవు చెప్తుంది, అంతే. నేనైతే ల్యాబ్ ఎగ్జామ్‌లో అదే ప్రశ్న వచ్చిందని పండగ చేసుకున్నాను. నాలుగు లైన్ల కోడ్, వైవాలో ఒక ప్రశ్న, పది నిమిషాల్లో బయటికి వచ్చేశాను. ఆ నాలుగు లైన్ల వెనక ఇంత కథ ఉందని ఉద్యోగంలో దెబ్బ తిన్నాకే తెలిసింది.

ముందు ఆ దెబ్బ సంగతి చెప్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఒక డేటా ఫైల్‌లో కామాలన్నీ తీసేసి వాటి చోట ట్యాబ్‌లు పెట్టే చిన్న ప్రోగ్రామ్ నన్ను రాయమన్నారు. ఫైల్ మొత్తాన్ని మెమరీలోకి తెచ్చి, ఒక ఫర్ లూప్ పెట్టి, ‘ఐ అనేది స్టర్‌లెన్ కంటే తక్కువ ఉన్నంతవరకు’ అని కండిషన్ రాశాను. 30 వేల అక్షరాల ఫైల్‌తో టెస్ట్ చేశాను. ఎంటర్ కొట్టడం, అయిపోవడం. సంతోషంగా ఇంటికి వెళ్లాను. ఆ రాత్రి అసలు ఫైల్ వచ్చింది, అందులో 3 కోట్ల అక్షరాలు. పొద్దున ఆఫీసుకి వెళ్లేసరికి ప్రోగ్రామ్ ఇంకా నడుస్తూనే ఉంది. దాని అవుట్‌పుట్ కోసం కూర్చున్న సపోర్ట్ టీమ్ వాళ్లు ఉదయం నుంచీ కస్టమర్లతో తిట్లు తింటున్నారు. తప్పు నాది, తిట్లు వాళ్లకి.

మా టీమ్‌లో సీనియర్ అక్క ఒకావిడ వచ్చి నా స్క్రీన్ చూశారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ‘‘స్టర్‌లెన్‌ని ఎన్నిసార్లు పిలుస్తున్నావో లెక్క వేశావా?’’ అన్నారు. వేయలేదు. ఆ లెక్క ఎపిసోడ్ చివర్లో కలిసి వేద్దాం. ముందు, పొడవు తెలుసుకోవడానికి అసలు లెక్కపెట్టాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో చూద్దాం.

1967లో కేంబ్రిడ్జ్‌కి చెందిన మార్టిన్ రిచర్డ్స్ బీసీపీఎల్ అనే భాష తయారుచేశాడు. అందులో స్ట్రింగ్ మొదటి బైట్‌లోనే పొడవు రాసి ఉంటుంది. బియ్యం బస్తా మీద 25 కిలోలు అని అచ్చు వేసినట్టు. తూకం వేయక్కర్లేదు, చూస్తే చాలు. ఇబ్బంది ఎక్కడంటే, ఒక బైట్‌లో పట్టే పెద్ద సంఖ్య 255. స్ట్రింగ్ అంతకు మించి పెరగలేదు.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ బీసీపీఎల్‌ని కుదించి బి అనే భాష చేసినప్పుడు ఈ పద్ధతి మార్చేశాడు. పొడవు రాయడం మానేసి, స్ట్రింగ్ చివర ‘ఇక్కడితో అయిపోయింది’ అనే గుర్తు పెట్టాడు. డెనిస్ రిచీ 1970ల మొదట్లో బి నుంచి సి తయారుచేసినప్పుడు ఆ గుర్తు సున్నా బైట్ అయింది. మనం నల్ అంటాం కదా, అదే. కారణాలు రెండని రిచీ 1993లో రాసిన సి చరిత్ర పేపర్‌లో చెప్పాడు. ఒకటి, పొడవుకి ఉన్న ఆ పరిమితి తప్పించుకోవడం. రెండు, వాళ్ల అనుభవంలో లెక్క మోసుకు తిరగడం కంటే చివర గుర్తు పెట్టుకోవడమే సులువుగా అనిపించడం.

ఇప్పుడు కూర్చుని వాళ్లని తప్పు పట్టడం తేలికే. కానీ ఆ కాలపు మెషీన్ ఒకసారి ఊహించుకోండి. పీడీపీ-11లో ప్రోగ్రామ్‌కి కనబడే మెమరీ 64 కిలోబైట్లు. ప్రతి స్ట్రింగ్‌కీ పొడవు కోసం రెండు బైట్లు అంటే ఆలోచించాల్సిన ఖర్చే. పైగా ఆ మెషీన్‌లో ఒక బైట్‌ని కదిలిస్తే చాలు, అది సున్నా అవునో కాదో ప్రాసెసర్ తనంతట తనే గుర్తుపెట్టుకుంటుంది. విడిగా పోల్చి చూడక్కర్లేదు. సున్నా దొరికేదాకా నడవడం ఆ మెషీన్‌కి సహజమైన పని.

ఆ నిర్ణయం వల్ల పుట్టిన ఫంక్షనే స్టర్‌లెన్. 1978లో కెర్నిహాన్, రిచీ రాసిన సి పుస్తకంలో దీన్ని ఒకటి కంటే ఎక్కువసార్లు రాశారు. మొదట అర్రే ఇండెక్స్‌తో, తర్వాత పాయింటర్‌తో. చివరి రూపంలో విడిగా లెక్కపెట్టడం కూడా లేదు. పాయింటర్‌ని సున్నా దాకా నడిపించి, చివరి అడ్రస్ లోంచి మొదటి అడ్రస్ తీసేస్తే పొడవు వచ్చేస్తుంది. చాలామందికి తెలిసిన కథ ఇక్కడితో అయిపోతుంది. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

మెషీన్లు 32 బిట్‌లకి మారాయి. అంటే మెమరీ నుంచి ఒకేసారి నాలుగు బైట్లు తేగలవు. నాలుగు తెచ్చుకునే చేత్తో ఒక్కొక్కటే ఏరుకోవడం ఎందుకు? నాలుగూ కలిపి తెచ్చి, ‘వీటిలో ఎక్కడైనా సున్నా ఉందా’ అని ఒక్క ప్రశ్నలో తేల్చగలమా? ఒక పెద్ద వర్డ్‌లో చాలా బైట్లని కలిపి ప్రాసెస్ చేసే ఆలోచనతో లెస్లీ లాంపోర్ట్ 1975లోనే పేపర్ రాశాడు. మన సున్నా ప్రశ్నకి అందరూ వాడే సమాధానాన్ని 1987లో అలన్ మైక్రాఫ్ట్ యూజ్‌నెట్‌లో పెట్టాడు.

ఆ చిట్కా చూద్దాం, పెన్నూ పేపరూ తీసుకోండి. ఇంగ్లిష్‌లో క్యాట్ అనే మూడక్షరాల మాట, చివర సున్నా. బైట్లు 99, 97, 116, 0. నాలుగింటిలోంచీ తలా ఒకటి తీసేయండి. 98, 96, 115 వచ్చాయి. సున్నాలోంచి ఒకటి పోదు కాబట్టి అప్పు తెచ్చుకుని 255 అయింది. ఇప్పుడు ప్రతి బైట్‌లో అన్నింటికంటే పై బిట్ చూడండి. విలువ 128 లేదా అంతకు మించితేనే ఆ బిట్ వెలుగుతుంది. ఇక్కడ 255లో మాత్రమే వెలిగింది. సున్నా దొరికింది. నాలుగు పోలికల పని ఒక తీసివేత, ఒక మాస్క్‌తో అయిపోయింది.

ఇందులో ఒక మెలిక ఉంది, అది మనకే తగిలింది. అసలు బైటే 200 అనుకోండి. ఒకటి తీసేస్తే 199, పై బిట్ వెలుగుతూనే ఉంది. సున్నా లేకపోయినా గంట మోగినట్టే. అందుకే మైక్రాఫ్ట్ సూత్రంలో మూడో ముక్క ఒకటి ఉంది: అసలు వర్డ్‌ని తిరగేసి దానితో కూడా మాస్క్ చేయాలి. మొదటి నుంచే పై బిట్ వెలుగుతున్న బైట్లు అప్పుడు ఆరిపోతాయి. నిజమైన సున్నా మిగులుతుంది.

గ్నూ సి లైబ్రరీ, అంటే గ్లిబ్‌సిలో, స్టర్‌లెన్‌ని టోర్బ్‌యోర్న్ గ్రాన్‌లుండ్ రాశాడు. డాన్ సాలిన్ సాయం చేశాడు. ఆ ఫైల్‌లో కాపీరైట్ 1991 నుంచి మొదలవుతుంది. కోడ్ కంటే దాని పక్కన రాసిన వివరణే పొడుగుగా ఉండేది. ఆ ఫైల్ పాత వెర్షన్లలో చాలాకాలం ఆ మూడో ముక్క లేదు. గంట మోగితే నాలుగు బైట్లనీ విడివిడిగా చూసేవాళ్లు. సున్నా లేకపోతే ముందుకి పోయేవాళ్లు. జవాబు ఎప్పుడూ తప్పు రాదు. ఇంగ్లిష్ అక్షరాలన్నీ 128 లోపే కాబట్టి తప్పుడు గంట కూడా మోగదు.

మరి తెలుగు? యూటీఎఫ్-8లో ‘త’ అంటే 224, 176, 164. మూడు బైట్లూ 128 పైనే. మన అక్షరాలన్నీ ఇంతే. అంటే ఆ కోడ్ తెలుగు వాక్యం మీద నడిస్తే దాదాపు ప్రతి వర్డ్‌కీ తప్పుడు గంటే. ఆగు, నాలుగూ చూడు, ఏమీ లేదు, పద. ఎవరూ మన మీద పగతో రాయలేదండీ. కొలిచి చూసిన స్ట్రింగ్‌లు ఇంగ్లిష్‌వి, అంతే. తర్వాత ఆ మూడో ముక్క గ్లిబ్‌సిలోకి వచ్చింది. వేగం అనేది ఏ డేటా మీద కొలిచామన్న దాన్ని బట్టి ఉంటుందని నాకు ఇంతకంటే బాగా నేర్పిన ఉదాహరణ లేదు.

ఇంకో అనుమానం మీకు వచ్చే ఉంటుంది. నాలుగేసి బైట్లు లాగుతుంటే, సున్నా దాటాక ఉన్న మెమరీని కూడా చదువుతున్నాం కదా? అది మనది కాదు కదా? నిజమే. సి స్టాండర్డ్ ప్రకారం మీరూ నేనూ అలా చేయకూడదు. లైబ్రరీ రాసేవాళ్లు మెషీన్ ఎలా పనిచేస్తుందో తెలిసి చేస్తారు. మెమరీకి కాపలా పేజీల లెక్కన ఉంటుంది, మామూలుగా పేజీ 4096 బైట్లు. నాలుగుతో భాగించబడే అడ్రస్ నుంచి నాలుగు బైట్లు చదివితే ఆ చదువు ఎప్పుడూ పేజీ గీత దాటదు. అందుకే ఆ స్టర్‌లెన్ ముందు ఒక్కొక్క బైట్ నడిచి సరైన అడ్రస్‌కి చేరుకుని, అక్కడి నుంచి పరుగు మొదలుపెట్టేది. ఈ జాగ్రత్త లేకపోతే ఎప్పుడో ఒకరోజు, స్ట్రింగ్ సరిగ్గా పేజీ చివర పడినప్పుడు, ప్రోగ్రామ్ కూలిపోతుంది. టెస్టింగ్‌లో దొరకని బగ్ అన్నమాట.

ఇంటెల్ వైపు 1978 నాటి 8086లోనే బైట్‌ని వెతికే ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఒకప్పుడు అదే గొప్ప. ప్రాసెసర్లు మారాక అదే నెమ్మదైంది. పెంటియం 4తో వచ్చిన ఎస్‌ఎస్‌ఈ2లో ఒకేసారి 16 బైట్లని సున్నాతో పోల్చి, ఫలితాన్ని 16 బిట్‌ల మాస్క్‌గా తీసి, మొదటి వెలిగిన బిట్ ఎక్కడుందో అడగొచ్చు. మొత్తం మూడు అడుగులు. గ్లిబ్‌సి ఇంకో అడుగు వేసింది. 16 బైట్ల ముక్కలు నాలుగు తీసుకుని, వాటిలో కనిష్ఠ విలువలు తీస్తుంది. కనిష్ఠంలో సున్నా ఉంటే 64 బైట్లలో ఎక్కడో సున్నా ఉన్నట్టే. ఒక్క చెక్‌తో 64 బైట్లు దాటేస్తుంది. 2008లో ఇంటెల్ స్ట్రింగ్‌ల కోసమే కొత్త ఇన్‌స్ట్రక్షన్లు ఇచ్చింది. స్టర్‌లెన్‌కి మాత్రం ఆ పాత పోలిక పద్ధతే నిలబడింది. 2013లో హాస్వెల్ ప్రాసెసర్లతో ఏవీఎక్స్2 వచ్చి 16ని 32 చేసింది. ఇప్పుడు మీ లినక్స్ మెషీన్‌లో ప్రోగ్రామ్ మొదలైనప్పుడు లైబ్రరీ మీ ప్రాసెసర్ ఏదో చూసి, దానికి తగిన స్టర్‌లెన్‌ని ఎంచుకుంటుంది. మీ కోడ్‌లో పేరు ఒకటే, వెనక మనుషులు వేరు.

ఇంత చేశారు కదా, మరి నా ప్రోగ్రామ్ రాత్రంతా ఎందుకు నడిచింది? రండి, ఆ లెక్క వేద్దాం. 3 కోట్ల అక్షరాలు. లూప్ తిరిగే ప్రతిసారీ స్టర్‌లెన్ మొదటి నుంచి చివరిదాకా నడుస్తుంది. 3 కోట్లు ఇంటూ 3 కోట్లు. సాదా లూప్ సెకనుకి 100 కోట్ల బైట్లు చూస్తుందనుకుంటే 9 లక్షల సెకన్లు, అంటే 10 రోజుల పైన. లైబ్రరీ వాళ్ల తెలివితో 20 రెట్లు వేగం పెరిగిందనుకుందాం. పన్నెండున్నర గంటలు. ఇన్నేళ్ల శ్రమ నా పది రోజుల తప్పుని ఒక రాత్రి తప్పుగా తగ్గించింది, అంతే. అదే స్టర్‌లెన్‌ని లూప్ బయట ఒక్కసారి పిలిచి వేరియబుల్‌లో పెట్టుకుంటే, ఆ సాదా లూప్‌తో కూడా సెకనులో నూటికి మూడు వంతులు. మరి టెస్ట్‌లో ఎందుకు తెలియలేదు? 30 వేలు ఇంటూ 30 వేలు 90 కోట్లే. సాదా లూప్‌కి కూడా సెకను పట్టదు. ఫైల్ వెయ్యి రెట్లు పెరిగితే పని పది లక్షల రెట్లు పెరిగింది.

‘‘కంపైలర్ తనే బయటికి తీసేయొచ్చు కదా అక్కా?’’ అని అడిగాను. ‘‘లూప్‌లో నువ్వు అదే స్ట్రింగ్‌లో రాస్తున్నావు. నువ్వు మధ్యలో సున్నా రాయవని దానికి ఎలా తెలుస్తుంది?’’ అన్నారు. నిజమే. చివర ఎక్కడో చెప్పేది ఆ సున్నా ఒక్కటే. అది మారొచ్చు అనుకున్నంతసేపూ కంపైలర్ ధైర్యం చేయలేదు.

ఇది నాలాంటి ఫ్రెషర్ల తప్పే అనుకోకండి. 2021లో ఒక ప్రోగ్రామర్, జీటీఏ ఆన్‌లైన్ గేమ్ లోడ్ అవడానికి తన కంప్యూటర్‌లో 6 నిమిషాలు ఎందుకు పడుతోందో విప్పి చూశాడు. 10 మెగాబైట్ల జేసన్ ఫైల్, అందులో దాదాపు 63 వేల ఐటమ్స్. ఒక్కో విలువ చదవడానికి ఎస్‌స్కాన్‌ఎఫ్ అనే ఫంక్షన్‌ని పిలుస్తున్నారు. అది లోపల ప్రతిసారీ మిగిలిన స్ట్రింగ్ అంతటికీ స్టర్‌లెన్ నడిపిస్తోంది. అది సరిచేసి, ఐటమ్స్ రిపీట్ అయ్యాయా అని చూసే ఇంకో లూప్‌ని కూడా మార్చితే లోడింగ్ 2 నిమిషాల లోపుకి వచ్చింది. కంపెనీ ఒప్పుకుని, అప్‌డేట్ ఇచ్చి, అతనికి 10 వేల డాలర్లు కూడా ఇచ్చింది.

2011లో పౌల్-హెనింగ్ క్యాంప్ ఈ సున్నా నిర్ణయాన్ని కంప్యూటర్ చరిత్రలో అత్యంత ఖరీదైన ఒక బైట్ తప్పు అని వాదిస్తూ వ్యాసం రాశాడు. బఫర్ ఓవర్‌ఫ్లోలు, వాటిని అడ్డుకోవడానికి పెట్టిన ఖర్చు, ఇవన్నీ లెక్కలో వేశాడు. చాలావరకు ఒప్పుకుంటాను. గో, రస్ట్ లాంటి భాషలు మళ్లీ పొడవు పక్కనే పెట్టుకోవడానికి కారణం ఉంది. బీసీపీఎల్ దగ్గరికే తిరిగొచ్చాం, ఈసారి 255 పరిమితి లేకుండా.

కానీ ఒక్క మాట థాంప్సన్ తరఫున కూడా చెప్పాలి. 1992లో రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 తయారుచేసింది ఆయనే. అందులో నల్‌కి తప్ప మరే అక్షరానికీ సున్నా బైట్ రాదు. అందుకే తెలుగు పేరే వినని రోజుల్లో రాసిన సి ఫంక్షన్లలోంచి మన తెలుగు విరగకుండా ప్రయాణం చేస్తోంది. ‘తెలుగు’ అనే మాటకి స్టర్‌లెన్ ఎంత చెప్తుందో తెలుసా? 18. మన కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌కి ఆరు, స్టర్‌లెన్‌కి పద్దెనిమిది. అది అబద్ధం చెప్పట్లేదు, బైట్లు లెక్కపెట్టమన్నాం, లెక్కపెట్టింది. పేరు కోసం 30 బైట్ల గడి పెట్టి, 30 అక్షరాలు పడతాయనుకుంటే తప్పు మనది.

సరే అండీ, ఈ వారం పని ఒకటే. మీ కోడ్ తెరిచి లూప్ కండిషన్లు ఒకసారి చూడండి. స్టర్‌లెన్ అక్కడ కూర్చుని ఉంటే లేపి బయట కూర్చోబెట్టండి. దొరికితే కామెంట్‌లో చెప్పండి, సిగ్గుపడక్కర్లేదు, నేను ముందే చెప్పేశాను కదా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.