అటకకు దారి



మన మండువా లోగిళ్లలో అటక లేని యిల్లు అరుదు. చింతపండు కుండలు, ఇత్తడి గంగాళములు, తాటియాకు గ్రంథముల కట్టలు అన్నియు నక్కడనే యుండెడివి. పైకి పోవుటకు గోడ కానించిన నిచ్చెన యొక్కటే సాధనము. పని లేనప్పు డది వసారాలో నొక ప్రక్క పడియుండును, చోటు తినదు. మా మేనత్తగారు తన యరువదవ యేట కుండ చంకనిడుకొని ఆ నిచ్చెన దిగుచు జారిపడిరి. తుంటియెముక విరిగినది. పిమ్మట నామె మంచము దిగనేలేదు. ఆమె పడినది దిగునప్పుడు, అదియు చేతిలో బరువుండగా. ఈ రెండు మాటలను శ్రోతలు మనసున నుంచుకొనవలెనని నా ప్రార్థన.

అటక వస్తువుల కొరకే యైనంతకాలము నిచ్చెన చాలును. దానికే పలకలు పరచి, కిటికీ పెట్టి, మనుష్యులు పరుండు గదిగా జేసినచో దారియు మారవలెను. ఆ దారి క్రిందిగదిని మ్రింగివేయరాదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

మెట్లను గూర్చి ప్రాచీనులు చాల యోచించిరి. రోమక శిల్పశాస్త్రజ్ఞుడు విట్రూవియసు, క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమువాడు, దేవాలయపు మెట్లు బేసిసంఖ్యలో నుండవలెననియు, అప్పుడు కుడికాలు మోపి బయలుదేరినవాడు కుడికాలితోనే పైతలము చేరుననియు వ్రాసెను. మన పెద్దలు చెప్పు మాటయు నిదియే గదా! పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శిల్పి బ్లోందెల్ ఒక లెక్క గట్టెను. మెట్టు ఎత్తును రెండింతలు చేసి, దానికి మెట్టు వెడల్పు కలిపినచో 24 అంగుళములు కావలెను. అది మనుష్యుని నడకలోని యొక యంగ. వారి అంగుళము మనము వాడు అంగుళముకంటె కొంచెము పెద్దది; ఆ భేదము నిక్కడ విడిచెదను.

తొమ్మిదడుగుల యెత్తున నున్న గదికి ఈ లెక్కను పట్టి చూడుడు. మెట్టు ఎత్తు 6 అంగుళములైనచో వెడల్పు 12 అంగుళములు. పైగది నేలయే కడపటి మెట్టు గనుక 17 మెట్లకు 17 అడుగుల నేల పోవును. ఎత్తు 9 అంగుళములు చేసినచో వెడల్పు 6 అంగుళములే; 11 మెట్లకు అయిదున్నర అడుగులు చాలును. పదకొండున్నర అడుగులు మిగిలినవి. కాని ఆరంగుళముల మెట్టుపై పాదము సగమే నిలుచును. ఎక్కువాడు మునివ్రేళ్లతో నెట్లో యెక్కును. దిగువాని మడమకు చోటేది?

అమెరికా రాష్ట్రపతియై, స్వయముగా శిల్పియు నైన థామస్ జెఫర్సన్, పెద్ద మెట్లదారులు డబ్బును చోటును వృథా చేయునని నమ్మినవాడు. మాంటిచెల్లో యను తన గృహమున 24 అంగుళముల వెడల్పుగల నిటారు మెట్లు కట్టించెను. ఆ గృహముపై గుండ్రని కిటికీలతో అష్టకోణపు గది యొకటి కలదు. ఇంటిలో అంతకంటె నందమైనది లేదేమో! అయినను దానిని వాడుకొన్నది తక్కువ. ఒకప్పు డది సామానుకొట్టుగా నుండెను. మెట్లలో చోటు మిగిలినది, గది పోయినది.

ఆమ్‌స్టర్‌డామ్ నగరపు వర్తకులు ఇంతకంటె తెలివిగలవారని నా యభిప్రాయము. కాలువల వెంబడి వారి యిండ్లు ఇరుకు, పొడవు; మెట్లు నిచ్చెనలవలె నిటారుగా నుండును. అందుచే వారు ఇంటి నెత్తిన ఒక దూలమును ముందుకు చాచి, కొక్కెము తగిలించి, సరకును త్రాటితో బయటినుండియే అటకకు చేదుకొనిరి. బరువునకు వేరు దారి, మనుష్యునకు వేరు దారి.

ఆ నగరముననే 1635లో కట్టిన యొక యింటి వెనుకభాగమున, 1942 జూలై మొదలు 1944 ఆగస్టు వరకు, ఆన్ ఫ్రాంక్ అను బాలికయు మరి యేడుగురును నాజీలకు వెరచి దాగిరి. పుస్తకముల బీరువా వెనుక వారి ద్వారము. అటకకు మెట్లు పేటర్ అను కుఱ్ఱవాని గదిలోనుండియే పోయెడివి. ఆ గదిలో చాల చోటు వానికే సరిపోయినది. దాగియున్నవారు వీధిలో త్రాడు వ్రేలాడదీయుట యెట్లు? చిక్కుడుగింజల బస్తాలను పేటరే మోసుకొనిపోవలసివచ్చెను. ఒకనాడు బస్తా కుట్టు తెగి, గింజలన్నియు మెట్లమీదుగా క్రింద నిలిచిన ఆన్‌పై వర్షించెను. ఆ శబ్దము పొరుగువారు వినిన నేమగును? అదృష్టవశమున నప్పు డింటిలో పరాయివా రెవరును లేరు. ఆ యటక కిటికీనుండియే ఆమె చెట్టును, ఆకాశమును చూచెడిది.

పాదమునకు చోటు చాలని లోపమునకు శిల్పులు మరియొక యుపాయము కనిపెట్టిరి. ఒక్కొక్క మెట్టును ఒక ప్రక్క సగము కోసి, ఒకటి కుడికాలికి, తరువాతిది యెడమకాలికి అమర్చుదురు. నిటారుగా నున్నను పాదము నిండుగా నిలుచును. కాని మొదట నే కాలు మోపవలెనో మెట్టే నిర్ణయించును. నిద్రమబ్బులో లేచినవాడు తప్పుకాలు పెట్టును. కాన పసివాండ్రున్న యింట, మనవంటి వృద్ధులున్న యింట నది కూడదు. రెండు ప్రక్కల చేపట్టు కమ్ములు లేనిదే యెవ్వరును కట్టరాదు.

నిచ్చెనయే గతియైనవారు దాని మొదలును ఎత్తులో నాలుగవవంతు దూరమున నుంచవలెను, పన్నెండడుగులకు మూడడుగులు. కొన అటక యంచుకు మూడడుగులు పైకుండి, కదలకుండ కట్టబడియుండవలెను. దిగునపుడు ముఖము మెట్లవైపే యుండవలెను.

మా యింట ఆ పాత నిచ్చెన నేటికిని కలదు. అటక వాసము గట్టిదో కాదో వడ్రంగిచేత చూపించి, నూతిగిలక నొకటి దానికి వ్రేలాడదీయించితిని. కుండలు త్రాటితో పోవును, త్రాటితో వచ్చును.