పార్కిన్సన్స్ వ్యాధిలో పేగు బ్యాక్టీరియా, మేధాశక్తి క్షీణత

పార్కిన్సన్స్ వ్యాధి ముదిరేకొద్దీ చాలామందిలో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, పనులను వరుసలో ఆలోచించుకుని చేసే నేర్పు తగ్గుతాయి. ఈ తగ్గుదలకూ రోగి పేగుల్లోని బ్యాక్టీరియాలో కనిపించే మార్పులకూ సంబంధం ఉందా అన్న పరిశోధన 2015 తర్వాత ఊపందుకుంది. రెండూ కలిసి కనిపిస్తున్న మాట నిజం. ఏది దేనికి కారణమన్నది మాత్రం తేలలేదు.

1817లో ఈ వ్యాధిని వర్ణించిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ రోగుల మలబద్ధకాన్ని గమనించి రాశాడు. బుద్ధి మాత్రం చెక్కుచెదరదని అదే వ్యాసంలో అన్నాడు. మొదటి పరిశీలన నిలిచింది. రెండోది తప్పని తరువాతి తరాల వైద్యులు తేల్చారు.

మేధాశక్తి ఎలా దెబ్బతింటుంది

అల్జీమర్స్‌లో మొదట కొత్త సంగతులు గుర్తుండవు. పార్కిన్సన్స్‌లో దారి వేరు. ఆలోచన నెమ్మదిస్తుంది, ఒక పని నుంచి మరో పనికి మనసు మళ్లించడం కష్టమవుతుంది, దూరాలనూ ఆకారాలనూ అంచనా వేయడంలో తడబాటు వస్తుంది. కొందరికి గదిలో లేని మనుషులో పిల్లులో కనిపిస్తాయి. రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలిగినంత కాలం దీన్ని స్వల్ప మేధాక్షీణత అంటారు, చేసుకోలేని దశకు చేరితే డిమెన్షియా అంటారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రోగులను ఏళ్ల తరబడి అనుసరించిన పరిశోధకులు, ఇరవై ఏళ్ల తర్వాత బతికి ఉన్నవారిలో 83 శాతానికి డిమెన్షియా ఉందని 2008లో ప్రకటించారు. ఆ అంకె చాలా కుటుంబాలను భయపెట్టింది. ఇటీవలి అంచనాలు దానికంటే బాగా తక్కువ.

నాడీకణాల్లో పేరుకునే ముద్దలను ఫ్రెడరిక్ లెవీ 1912లో గుర్తించాడు. వాటిలో ప్రధానంగా ఉండేది ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ అని 1997లో తెలిసింది. మడత తప్పిన ఈ ప్రొటీన్ ఒక కణం నుంచి పక్క కణానికి పాకుతుంది. డోపమైన్ తయారుచేసే కణాలు నశిస్తే కదలికలు చెడతాయి. ఈ ప్రొటీన్ మెదడు పైపొర దాకా పాకినప్పుడు, అసిటైల్‌కోలిన్ సరఫరా చేసే కణాలూ దెబ్బతిన్నప్పుడు ఆలోచన చెడుతుంది.

పేగు నుంచి మెదడుకు

జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం 2003లో ఒక ప్రతిపాదన చేసింది. దాని ప్రకారం వ్యాధి పేగు గోడలోని నాడుల్లో మొదలై, పొట్టనూ మెదడు కాండాన్నీ కలిపే వేగస్ నాడి గుండా పైకి వెళ్తుంది. అంతకు రెండేళ్ల ముందే హవాయిలోని హొనొలూలూలో దాదాపు 6,800 మంది పురుషులను ఏళ్లపాటు గమనించిన అధ్యయనంలో, రోజూ విరేచనం కానివారికి తరువాతి కాలంలో పార్కిన్సన్స్ ఎక్కువగా వచ్చినట్లు తేలింది. జీర్ణాశయ పుండ్ల కోసం వేగస్ నాడిని పూర్తిగా కత్తిరించుకున్నవారికి ఈ వ్యాధి కొంత తక్కువని డెన్మార్క్, స్వీడన్ రికార్డులు సూచించాయి. ఆ తేడా పెద్దది కాదు, దానిపై వాదాలూ ఉన్నాయి.

అన్నిటికంటే నేరుగా మాట్లాడిన ప్రయోగం 2019లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జరిగింది. ఎలుకల జీర్ణాశయం చివర, చిన్నపేగు మొదట్లో ఉండే కండరంలోకి ఆల్ఫా సైన్యూక్లిన్ పోగులను ఎక్కించారు. కొన్ని నెలల్లో అవి మెదడుకు చేరాయి. ఎలుకల నడక ఒక్కటే కాదు, నేర్చుకునే శక్తీ జ్ఞాపకమూ చెడ్డాయి. ముందే వేగస్ నాడిని కోసిన ఎలుకలకు ఏమీ కాలేదు.

రోగులందరిలోనూ వ్యాధి పేగు నుంచే మొదలవుతుందనడం తొందరపాటు. డెన్మార్క్‌లోని ఆర్హస్‌కు చెందిన పెర్ బోర్గామర్ వ్యాధిని రెండు రకాలుగా విడదీశాడు. కొందరిలో ముందు మెదడులో, కొందరిలో ముందు శరీరంలో మొదలవుతుందంటాడు. శరీరంలో మొదలయ్యే రకంలో మలబద్ధకం, కలలో కనిపించినదానికి నిద్రలోనే చేతులూ కాళ్లూ ఆడించడం, కేకలేయడం ఏళ్ల ముందే కనిపిస్తాయి, మేధాశక్తి కూడా త్వరగా తగ్గుతుంది. వ్యాధి తొలిదశలోనే మలబద్ధకం ఉన్నవారికి డిమెన్షియా త్వరగా వస్తుందని 2021లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపారు. ఇది ఈ వాదానికి అనుకూలమైన సాక్ష్యం.

బ్యాక్టీరియాలో కనిపించే మార్పులు

2015లో హెల్సింకీలో 72 మంది రోగుల మలాన్ని అంతేమంది ఆరోగ్యవంతుల మలంతో పోల్చారు. ప్రెవోటెల్లా కుటుంబపు బ్యాక్టీరియా రోగుల్లో సగటున 77.6 శాతం తక్కువగా ఉంది. ఆ తర్వాతి అధ్యయనాల్లో మరింత నిలకడగా కనిపించిన సంగతి ఇంకొకటి. రోజ్‌బూరియా, ఫీకలిబ్యాక్టీరియం వంటి, పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేసే జాతులు తగ్గుతున్నాయి, అకర్‌మాన్సియా పెరుగుతోంది. 2022లో అలబామా విశ్వవిద్యాలయ బృందం 490 మంది రోగులనూ 234 మంది ఇతరులనూ జన్యు స్థాయిలో పరీక్షించి ఇదే ధోరణిని చూసింది.

ఈ జాబితాలను మన దేశానికి ఉన్నదున్నట్టుగా అన్వయించుకోకూడదు. అన్నం, పప్పులు, కూరగాయలు ఎక్కువగా తినే భారతీయుల పేగుల్లో ప్రెవోటెల్లా సహజంగానే ఎక్కువ. ఫిన్లాండ్‌లో తక్కువ అనిపించే మోతాదు ఇక్కడి కొలతలో మరింత తక్కువ కావచ్చు.

ఇంకో చిక్కు ఉంది. మలబద్ధకమే బ్యాక్టీరియాను మార్చేస్తుంది. మలం పేగులో ఎక్కువసేపు నిలిస్తే కొన్ని జాతులు పెరుగుతాయి, అకర్‌మాన్సియా వాటిలో ఒకటి. పార్కిన్సన్స్‌కు వాడే ఎంటకపోన్ వంటి మందులూ ఈ సమతూకాన్ని కదిపేస్తాయి. రోగుల్లో కనిపించే మార్పు జబ్బుదా, మలబద్ధకానిదా, మాత్రదా అని విడదీయని అధ్యయనాన్ని అనుమానంతో చదవాలి. మేధాశక్తి విషయంలో ఈ అనుమానం రెట్టింపవుతుంది. మతి తప్పినవారు తినేదీ తాగేదీ తిరిగేదీ కూడా మారిపోతాయి కదా.

నష్టం జరిగే దారులు

బ్యూటిరేట్ పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం. అది తగ్గితే గోడలో సందులు ఏర్పడి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి చేరతాయని, దానితో శరీరమంతటా మెదడులోనూ వాపు మొదలవుతుందని ఒక వివరణ. ఈ.కోలై తయారుచేసే కర్లీ అనే జిగట ప్రొటీన్ ఆల్ఫా సైన్యూక్లిన్ మడత తప్పేలా ప్రేరేపించడం ఎలుకల్లో కనిపించింది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో 2016లో జరిగిన ప్రయోగం ఈ రంగానికి పునాది. ఆల్ఫా సైన్యూక్లిన్ ఎక్కువగా తయారయ్యే ఎలుకలను సూక్ష్మజీవులు లేకుండా పెంచితే వాటి కదలికలు అంతగా చెడలేదు. పార్కిన్సన్స్ రోగుల బ్యాక్టీరియాను ఎక్కించాక బాగా చెడిపోయాయి. అయితే అక్కడ కొలిచినది కదలికలనే, బుద్ధిని కాదు.

నోటి బ్యాక్టీరియా

మేధాశక్తి మీదే దృష్టి పెట్టిన అధ్యయనాన్ని లండన్ కింగ్స్ కాలేజ్ బృందం 2025లో ప్రచురించింది. స్వల్ప మేధాక్షీణత ఉన్న పార్కిన్సన్స్ రోగులు, డిమెన్షియా వచ్చిన రోగులు, ఆరోగ్యవంతులు కలిపి 114 మంది లాలాజలాన్నీ మలాన్నీ పరీక్షించారు. మేధాశక్తి తగ్గినవారి పేగుల్లో మామూలుగా నోట్లో ఉండాల్సిన బ్యాక్టీరియా, అవి విడిచే హానికర పదార్థాలు ఎక్కువగా కనిపించాయి. డిమెన్షియా ఉన్నవారిలో ఇది మరింత స్పష్టం.

ఆసక్తి కలిగించే ఫలితమే. కానీ డిమెన్షియా ఉన్న మనిషి పళ్లు సరిగా తోముకోడు, గుటక సరిగా పడదు, పొట్టలో ఆమ్లం తగ్గించే మాత్రలు వేసుకుంటుంటే నోటి బ్యాక్టీరియా దారిలో చావకుండా పేగుకు చేరుతుంది. మతి తప్పడం వల్లనే ఈ బ్యాక్టీరియా దిగి ఉండవచ్చు. నోటి బ్యాక్టీరియాను నిందించడం ఇదే మొదలు కాదు. చిగుళ్ల జబ్బుకు కారణమైన పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ ఎంజైములు అల్జీమర్స్ మెదడులో ఉన్నాయని 2019లో సంచలనం రేగింది. వాటిని అడ్డుకునే మందు 2021 పరీక్షలో ప్రధాన లక్ష్యాన్ని చేరుకోలేదు.

మందులతో బ్యాక్టీరియా లావాదేవీ

ఇక్కడ సాక్ష్యం స్పష్టంగా ఉంది. పార్కిన్సన్స్‌కు ప్రధాన మందు లెవోడోపా మెదడులోకి వెళ్లాక డోపమైన్‌గా మారాలి. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా దాన్ని పేగులోనే డోపమైన్‌గా మార్చేస్తుందని 2019లో అమెరికా, నెదర్లాండ్స్ బృందాలు విడివిడిగా చూపాయి. డోపమైన్ మెదడు గడప దాటలేదు కాబట్టి మందు వృథా. ఎగ్గర్‌థెల్లా లెంటా ఆ డోపమైన్‌నూ మరో పదార్థంగా మారుస్తుంది. మన చేలగట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో ఉండేదీ లెవోడోపానే, కాబట్టి దానికీ ఇదే గతి.

మరో మందు సంగతి వైద్యులు కూడా తరచుగా మరిచిపోతారు. వణుకు తగ్గించడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది. దానివల్ల పేగు నెమ్మదిస్తుంది, వృద్ధుల్లో మతి మసకబారుతుంది. మలబద్ధకమూ మతి మసకబారడమూ కలిసి కనిపించిన రోగి మందుల చీటీలో అది ఉందేమో ముందు చూడాలి.

చికిత్సా ప్రయత్నాలు

ఆరోగ్యవంతుల మలాన్ని శుద్ధిచేసి రోగి పేగులోకి ఎక్కించే పద్ధతిపై 2024లో రెండు బృందాలు పరీక్షల ఫలితాలను ప్రచురించాయి. బెల్జియంలోని ఘెంట్‌లో 46 మందిపై జరిగిన పరీక్షలో ఏడాది తర్వాత కదలికల్లో స్వల్ప మెరుగుదల కనిపించింది. ఫిన్లాండ్ పరీక్షలో ఉత్తుత్తి చికిత్స కంటే మేలు కనిపించలేదు. జీర్ణాశయంలోని హెలికోబ్యాక్టర్‌ను నిర్మూలిస్తే మెరుగవుతుందన్న ఆశనూ మలేషియాలో జరిగిన పరీక్ష సమర్థించలేదు. మేలు చేసే బ్యాక్టీరియా మాత్రలు, పొడులు మలబద్ధకాన్ని తగ్గించినట్లు మలేషియాలోనే మరో పరీక్ష చూపింది. మేధాశక్తిని ప్రధాన కొలమానంగా పెట్టుకున్న పరీక్ష వీటిలో ఏదీ కాదు.

ప్రస్తుతం పార్కిన్సన్స్ డిమెన్షియాకు వైద్యులు వాడే మందు రివాస్టిగ్మిన్. అది అసిటైల్‌కోలిన్ త్వరగా విచ్ఛిన్నం కాకుండా చూస్తుంది, మేలు కొంతమేరకే ఉంటుంది. మాత్రగా తీసుకుంటే వికారం, వాంతులు ఎక్కువ కాబట్టి చర్మంపై అంటించే పట్టీగానూ ఇస్తారు.