అరుదైన గాయం, ఆలస్యమైన లెక్క

2023 నవంబరు 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక జారీ చేసింది. మెఫెనమిక్ యాసిడ్ వల్ల ‘డ్రెస్’ అనే తీవ్ర ప్రతిచర్య రావచ్చు, జాగ్రత్తగా గమనించండి అన్నది దాని సారాంశం. నెలసరి నొప్పికి మాత్రగా, పిల్లల జ్వరానికి సిరప్‌గా దశాబ్దాల నుంచి మన ఇళ్లలో ఉన్న మందు ఇది. ‘డ్రెస్’ వచ్చినవారికి జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, గ్రంథుల వాపు కనిపిస్తాయి. ఆపైన కాలేయమో మూత్రపిండాలో దెబ్బతినవచ్చు. సాధారణంగా మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాలకు గాని ఇది బయటపడదు. అప్పటికి ఆ సీసా సంగతి ఎవరికి గుర్తుంటుంది? బిడ్డ ఒంటిపై దద్దుర్లు చూస్తే తట్టు అనో, అమ్మవారనో అనుకోవడమే సహజం.

ఈ పొరపాటు కొత్తది కాదు. 1922లో అమెరికా వైద్యులు స్టీవెన్స్, జాన్సన్ ఏడెనిమిదేళ్ల ఇద్దరు బాలుర వ్యాధిని వర్ణించారు: జ్వరం, ఒంటిపై పొక్కులు, పుండ్లు పడిన నోరు, దెబ్బతిన్న కళ్లు. వారు దానిని ఏదో తెలియని అంటువ్యాధిగా భావించారు. పిల్లల్లో కొన్ని ఇన్ఫెక్షన్లూ దానికి కారణమవుతాయి. కానీ వారి పేరుతోనే నిలిచిపోయిన ఆ వ్యాధికి ప్రధాన కారణం మందులేనని తేలడానికి దశాబ్దాలు పట్టింది. ఇంత అరుదైన గాయాన్ని ఒక వైద్యుడు జీవితకాలంలో ఒకటి రెండుసార్లు చూస్తాడేమో. వేల ఆసుపత్రుల అనుభవాన్ని ఒకచోట పోగు చేస్తే తప్ప ముప్పు కనిపించదు. ఆ పోగు చేసే పని రాజ్యానిది.

మన రాజ్యం ఆ పని ఎలా చేసింది? 1986లో దేశమంతటికీ 12 ప్రాంతీయ కేంద్రాలతో పర్యవేక్షణ వ్యవస్థను ప్రతిపాదించారు. అది కాగితం దాటలేదు. థాలిడమైడ్ విషాదం దరిమిలా 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రారంభించిన అంతర్జాతీయ కార్యక్రమంలో మనం చేరింది 1998లో. 2004లో ప్రపంచ బ్యాంకు నిధులతో జాతీయ కార్యక్రమం మొదలై, నిధులతోపాటే ఆగిపోయింది. 2010లో మళ్లీ మొదటికొచ్చి ఎయిమ్స్‌లో ఆరంభించారు. మరుసటి ఏడాది ఘాజియాబాద్‌కు తరలించారు.

ఈ జాప్యానికి మూల్యం ఏమిటో నిమెసులైడ్ చెబుతుంది. పోర్చుగల్ 1999లోనే పిల్లలకు ఆ మందును నిలిపివేసింది. కాలేయానికి హాని జరుగుతోందన్న నివేదికలతో 2002లో ఫిన్లాండ్, స్పెయిన్ దానిని మార్కెట్ నుంచే తప్పించాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు దానిని నిషేధిస్తూ మన కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 2011లో. ఆ మధ్యకాలంలో ఎందరు బిడ్డలకు హాని జరిగిందో చెప్పగల లెక్క మన దగ్గర లేదు. లెక్క లేనిచోట నేరమూ లేదు, బాధ్యుడూ లేడు.

తైవాన్‌ను చూడండి. మందును సక్రమంగా వాడినా తీవ్ర హాని జరిగితే పరిహారమిచ్చే చట్టాన్ని ఆ దేశం 2000లో చేసుకుంది. మూర్ఛకు వాడే కార్బమజెపిన్ వల్ల స్టీవెన్స్-జాన్సన్ వ్యాధి వచ్చిన 44 మంది రోగులను అక్కడి పరిశోధకులు పరీక్షించి, అందరిలోనూ ఒకే జన్యులక్షణం ఉందని 2004లో ప్రకటించారు. 2013 నుంచి సింగపూర్ ఆ మందు కొత్తగా మొదలుపెట్టేముందు ఆ పరీక్ష జరిపే పద్ధతిని అమలులోకి తెచ్చింది. గాయాన్ని లెక్కించినవారికే దానిని నివారించే దారి దొరికింది.

మన దేశంలో ఔషధ ప్రయోగాల్లో హాని జరిగితే పరిహారానికి నిబంధనలున్నాయి. చీటీ ప్రకారం మందు వేసుకున్న బిడ్డ చర్మం ఊడిపోతే, చూపు పోతే, అలాంటి నిధి ఏదీ లేదు. వైద్యుడు ఆ హానిని నివేదించడం నేటికీ స్వచ్ఛందమే. చట్టబద్ధ విధి కాదు. ‘ప్రపంచానికి ఔషధశాల’ అని ప్రతి వేదికపైనా చెప్పుకునే పాలకులు ఈ రెంటినీ చట్టంలోకి తేవడానికి కొత్త విజ్ఞానమేమీ అక్కర్లేదు. అమ్మిన సీసాలకు పైసాతో సహా లెక్క ఉన్న దేశంలో, ఆ సీసా వల్ల దెబ్బతిన్న బిడ్డకూ ఒక లెక్క ఉండాలి.